ఫ్రిజ్జులో పెట్టిన పరీక్ష

నీళ్ళత్తని కొత్తగా చూసినవాళ్ళు ఆవిడకి నడుంనొప్పి అనుకుంటారు. వానలు పడే నాలుగు నెలలూ ఆవిడ నడుం చుట్టూ పాత తువ్వాలు ముక్క ఒకటి బిగించి ఉంటుంది మరి. ఆ తువ్వాలు మడతలో, కడుపుకి ఆనుకుని, అరచేతిలో ఇమిడే గాజుసీసా. సీసాలో నీళ్ళు. ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆ సీసాని ఆవిడ ఒంటివేడి మీద మోస్తుంది. ట్యాంకు తోముతున్నా, మెట్లెక్కుతున్నా, పడుకున్నా, ఎవర్నైనా దులిపేస్తున్నా అది అక్కడే. సీసా అడుగున మందు పొడి ఉంటుంది. నీళ్ళలో మలం తాలూకు క్రిములుంటే వెచ్చదనానికి అవి పెరిగి, ఆ పొడి తగిలి, సీసా మొత్తం నల్లబడుతుంది. లేకపోతే తేనెరంగులోనే ఉండిపోతుంది. ఇంతే సంగతి. పెద్ద పెద్ద పరీక్షాఫీసుల్లో ఇలాంటి సీసాలని వెచ్చగా ఉంచడానికి కరెంటు పెట్టెలుంటాయట. నీళ్ళత్తకి కరెంటు పెట్టె ఎవరు కొనిస్తారు? ఆవిడ ట్యాంకు చూసుకునే భవనంలో వాళ్ళా? లిఫ్టులో బల్బు మాడితే మూడు మీటింగులు పెట్టుకునే మహానుభావులు వాళ్ళు.

మహానుభావులని ఊరికే అనడం లేదు. ఐదంతస్తులు, ఇరవై ఇళ్ళు. గేటు మీద పెద్ద బోర్డు: "వాన నీళ్ళు తాగే భవనం. ఇక్కడ ఒక్క చుక్క కూడా వృథా కాదు." ఆ బోర్డు కిందనుంచే రోజూ పొద్దున్న నీళ్ళ డబ్బాల బండి లోపలికొస్తుంది. ఇరవై ఇళ్ళలో పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు కొన్న నీళ్ళే తాగుతారు. డబ్బా వంటింటి తలుపు వెనక ఉంటుంది, నోట్లో మాట మాత్రం వాననీళ్ళ గురించి. ఇరవయ్యో ఇల్లు తాళం వేసి ఉంది కాబట్టి వాళ్ళ సంగతి తెలీదు.

మరి ఆ వాననీళ్ళు తాగేదెవరయ్యా అంటే, పిల్లలు. కింద అంతస్తులో రెండు గదులున్నాయి. మూడేళ్ళు నిండని పసివాళ్ళని పనికెళ్ళే తల్లులు పొద్దున్న ఎనిమిదిన్నరకి అక్కడ దించి, సాయంత్రం ఎత్తుకుపోతారు. మొత్తం పదకొండు మంది. నీళ్ళత్త కూతురే అక్కడ ఆయా. ఆ పదకొండు మందిలో ఒకతి నీళ్ళత్త మనవరాలు, రెండున్నరేళ్ళది, ఇప్పుడిప్పుడే మాటలు కలుపుతోంది. ట్యాంకునుంచి ఒక గొట్టం తిన్నగా ఆ గదుల్లోకి వెళ్తుంది. పెద్దవాళ్ళు గొప్పలు తాగుతారు, పిల్లలు నీళ్ళు తాగుతారు. ఏర్పాటు ఎంత బాగుందో చూశారా!

ట్యాంకు కట్టింది నీళ్ళత్త మొగుడు. ప్లంబరు. చెయ్యి తిరిగిన మనిషి. పైకప్పు నీళ్ళన్నీ ఒకే గొట్టంలోకి దిగేలా వాలు పెట్టాడు. ఆ గొట్టం కింద రెండు దారులు. ఒకటి గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు పరిచిన వడపోత తొట్టిలోంచి ట్యాంకులోకి, ఇంకోటి తిన్నగా వీధి కాలవలోకి. కాలవ దారికి ఒక వాల్వు పెట్టాడు. ఎండలు పోయి మొదటి వాన పడిందంటే చాలు, నీళ్ళత్త గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకెళ్ళి ఆ వాల్వు తిప్పుతుంది. ముందు పావుగంట వాన కాలవ పాలు. పైకప్పు మీద పావురాలు ఏడాది పొడుగునా ఏం చేస్తాయో విడమరిచి చెప్పక్కర్లేదు కదా. అదంతా కడిగేశాకే ట్యాంకులోకి నీళ్ళు. ఆ తరవాత కూడా సీసా పరీక్ష, కొలత ప్రకారం బ్లీచింగు, నీళ్ళలో ఆ మందు ఇంకా మిగిలి ఉందో లేదో తెలియడానికి చుక్కలమందు వేసి లేత పసుపు తేలుతోందా అని చూడడం. మొగుడు మూడేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. పని ఈవిడ చేతికొచ్చింది. ట్యాంకు కట్టిన ఈ ఎనిమిదేళ్ళలో ఆ గదుల్లో ఒక్క పిల్లకి కడుపునొప్పి అన్న మాట లేదు.

ఈ పని మీద ఆవిడకి అంత పట్టుదల ఎందుకో భవనంలో ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇప్పుడున్న కూతురికి ముందు ఒక కొడుకు పుట్టాడు. పద్నాలుగు నెలల వాడు. అప్పుడు అద్దెకున్న ఇంట్లో నీళ్ళు అద్దంలా తేటగా ఉండేవి. ఆ తేట చూసే మోసపోయారు. రెండు రోజుల వాంతులు, విరేచనాలు, మూడో రోజు పిల్లాడు లేడు. మొగుడు నీళ్ళ పని నేర్చుకుంది ఆ తరవాతే. నీళ్ళత్తకి నోరు లేచింది కూడా ఆ తరవాతే. తేటగా ఉన్న నీళ్ళని చూసి "అబ్బ, ఎంత బాగున్నాయో!" అనేవాళ్ళని చూస్తే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇక షీల్డు సారు. భవనం సంఘానికి అధ్యక్షుడు. ఐదేళ్ళ కిందట నీళ్ళు పొదుపు చేసినందుకు ఎవరో ఒక చెక్క షీల్డు చేతిలో పెట్టారు. అంతే, కళ్ళు నెత్తికెక్కాయి. ఆ షీల్డుని లిఫ్టు పక్కన గోడకి బిగించి, దానికి రెండు లైట్లు పెట్టించాడు. మెట్ల మీద లేని లైటు షీల్డుకి ఉంది! లిఫ్టు కోసం నిలబడిన ప్రతివాడికీ అది ఎలా వచ్చిందో మొదటినుంచి చెప్తాడు. కొంతమంది ఆయన్ని చూసి మెట్లెక్కి పోవడం మొదలెట్టారు. ఈ ఏడాది ఇంకా పెద్ద షీల్డు ఒకటి ఉందనీ, సోమవారం పదకొండు గంటలకి కమిటీ వచ్చి చూస్తుందనీ కబురొచ్చింది. ఇక ఆయన కాలు నేల మీద నిలవలేదు. కమిటీ ముందు పదకొండు మంది పిల్లలూ వరసగా నిలబడి, గ్లాసులు పట్టుకుని, కుళాయి తిప్పుకుని వాననీళ్ళు తాగాలి. ఫొటోలు తీయాలి. అదీ ఆయన పథకం.

కమిటీ వస్తుందంటే పైనుంచి కింద దాకా ఒకసారి తిరిగి చూశాడు. వీధి కాలవలోకి పోయే గొట్టం కంటపడింది. "ఇదేమిటి! చుక్క వృథా కాదని బోర్డు పెట్టి, కాలవలోకి గొట్టమా? కమిటీ చూస్తే పరువు పోదూ!" అన్నాడు. వాల్వు పిడికి గొలుసు చుట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నీళ్ళత్తకి ఒక్క మాట చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. మొదటి వాన. నీళ్ళత్త పరిగెత్తుకెళ్ళి వాల్వు పట్టుకుంటే చేతికి గొలుసు తగిలింది. ఒక్క క్షణం ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక తడుస్తూనే మూడో అంతస్తు దాకా వెళ్ళి షీల్డు సారు తలుపు బాదింది.

"తాళంచెవి ఇవ్వండి సారూ! పైన మురికంతా ట్యాంకులోకి దిగిపోతోంది!"

"తలుపు విరిగిపోతుందమ్మా! ఏమిటా కంగారు? వాన నీళ్ళు ఆకాశంలోంచి వస్తాయి. ఆకాశంలో మురికేముంటుంది?"

"ఆకాశంలో ఉండదు సారూ, మీ కప్పు మీద ఉంటుంది. పావురాలు వచ్చి పూజ చేసి పోతున్నాయనుకున్నారా?"

"వడపోత ఉంది కదా. ఇసుక ఉంది, బొగ్గు ఉంది. మీ ఆయన కట్టిందే కదా."

"వడపోత ఆకులు పడుతుంది, మట్టి పడుతుంది. కంటికి కనపడని క్రిములన్నిటినీ పట్టదు. అందుకేగా ఆయన ఆ వాల్వు పెట్టింది!"

ఈ లోపల పావుగంట కాస్తా గడిచిపోయింది. ఇరవై వేల లీటర్ల ట్యాంకులోకి ఏడాది మురికి చల్లగా దిగిపోయింది. షీల్డు సారు తువ్వాలు తెచ్చి తడిసిన నీళ్ళత్తకి కాదు, ఆవిడ నిలబడ్డ చోట నేలకి వేసి కాలితో తుడిచాడు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళత్త పిల్లల గదిలో కుళాయి బిగించి, సంగతి తేలేదాకా డబ్బా నీళ్ళే పట్టమని కూతురికి చెప్పి, ట్యాంకు మూత తీసి సీసా ముంచింది. షీల్డు సారు కూడా వచ్చి నిలబడ్డాడు. పక్కన సైన్సు మాస్టారు. నాలుగో అంతస్తులో ఉంటారాయన, బళ్ళో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. పుస్తకంలో ఉన్నదంతా ఆయనకి కంఠతా వచ్చు. పుస్తకం బయట ఏముందో ఎప్పుడూ తొంగి చూసిన పాపాన పోలేదు.

నీళ్ళత్త సీసాని తువ్వాలు మడతలో దోపుకోవడం చూసి షీల్డు సారు మొహం అదోలా పెట్టాడు. "ఛీ ఛీ. తాగే నీళ్ళ పరీక్ష ఎక్కడ పెడుతున్నావమ్మా! కమిటీకి ఇదే చెప్పుకోమంటావా? ఇంకో సీసా ఇటివ్వు. ఈసారి పరీక్ష నేనే శాస్త్రీయంగా చేయిస్తాను. మాస్టారూ, నమూనా తీశాక ఏం చెయ్యాలంటారు?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నమూనా చెడిపోకూడదు. చల్లని చోట భద్రపరచాలి. ఏ పుస్తకంలో చూసినా అదే ఉంటుంది."

పుస్తకంలో ఉన్న మాట నిజమే. నీళ్ళని దూరాన ఉన్న పరీక్షాఫీసుకి పంపేటప్పుడు దారిలో మారిపోకుండా చల్లగా పంపుతారు. అక్కడికి చేరాక మళ్ళీ వెచ్చగా పెట్టే చూస్తారు. మాస్టారు మొదటి సగం చదివి రెండో సగం వదిలేశారు. షీల్డు సారుకి ఆ మొదటి సగం కూడా ఎక్కువే.

"ఫ్రిజ్జులో పెడితే క్రిములు పడుకుంటాయి సారూ," అంది నీళ్ళత్త. "పడుకున్నవాణ్ణి చూసి ఇంట్లో ఎవరూ లేరంటే ఎలా? వెచ్చగా ఉంచాలి. సీసాలొచ్చిన డబ్బా మీద రాసి ఉంది, చదవండి."

"నువ్వు నాకు చదువు చెప్పకు," అన్నాడు షీల్డు సారు. మాస్టారు కూడా "చూడమ్మా, అనుభవం వేరు, శాస్త్రం వేరు" అని నవ్వారు. డబ్బా మీద రాసింది ఇద్దరిలో ఒక్కరూ చదవలేదు. అంత చిన్న అక్షరాలు చదవాలంటే కళ్ళజోడు పెట్టుకోవాలి. కళ్ళజోడు జేబులోనే ఉంది. ఏం లాభం!

అలా ఒక సీసా షీల్డు సారు ఫ్రిజ్జులో, కోడిగుడ్లకీ ఆయన భార్య మొహానికి రాసుకునే క్రీముకీ మధ్య చేరింది. రెండోది నీళ్ళత్త నడుముకి చేరింది. శుక్రవారం పొద్దున్నకే అది గోధుమరంగు తిరిగింది. సాయంత్రానికి బొగ్గులా అయింది. తువ్వాలు విప్పి చూసుకుని నీళ్ళత్త గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. ఇది ముందే తెలుసు ఆవిడకి. తెలిసినా సీసాని వెలుగుకి పెట్టి ఇంకోసారి చూసుకుంది. సోమవారం ఆ నీళ్ళే పదకొండు గ్లాసుల్లోకి వస్తాయి. పదకొండోది మనవరాలిది, ఎర్ర గ్లాసు, అది తప్ప ఇంకోటి ముట్టుకోదు.

శనివారం పొద్దున కింద హాల్లో మీటింగు. బల్ల మీద రెండు సీసాలు. ఫ్రిజ్జులోంచి వచ్చింది తేనెరంగులో నిగనిగలాడుతోంది. నీళ్ళత్తది నల్లగా. హాల్లో ముప్ఫై మంది దాకా ఉన్నారు, సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. వాన పడ్డ రోజు ఆవిడ మాట కాస్త నమ్మినవాళ్ళు ఒకరిద్దరు ఉండకపోరు. షీల్డు సారు లేచి ఆ కాస్తా తుడిచేశాడు.

"ఒకే ట్యాంకు, ఒకే రోజు, రెండు సీసాలు. ఒకటి చల్లగా ఉంచాం, చెక్కుచెదరలేదు. ఒకటి రెండు రోజులు మనిషి ఒంటికి కట్టుకుని తిరిగారు, కుళ్ళిపోయింది. మీ ఇంట్లో కూర పొయ్యి పక్కన రెండు రోజులుంచితే ఏమవుతుంది? చెడిపోతుంది. అది కూర తప్పా? ఉంచినవాళ్ళ తప్పా?"

"ఉంచినవాళ్ళ తప్పే!" అన్నారు వెనకనుంచి ఎవరో. ఆడవాళ్ళు తలలూపారు. కూర సంగతి వాళ్ళకి బాగా తెలుసు కాబట్టి నీళ్ళ సంగతి కూడా తెలిసిపోయిందనుకున్నారు. మాస్టారైతే "వేడి వల్ల పదార్థం విచ్ఛిన్నమవుతుంది" అని ఒక పెద్ద ముక్క విసిరారు. చప్పట్లు.

నీళ్ళత్త లేచింది. "అయ్యా, శుభ్రమైన నీళ్ళయితే ఒంటికి కాదు, పొయ్యి పక్కన పెట్టినా నల్లబడవు. పోయిన ఏడాది సీసాలు కూడా నేను ఈ నడుముకే కట్టుకున్నాను, ఒక్కటైనా నల్లబడిందా? సరే, నా మాట నమ్మొద్దు. ఆ ఫ్రిజ్జు సీసాని ఇప్పుడు బయట పెట్టి రేపటిదాకా చూడండి."

"చెడగొట్టి చూపిస్తానంటావు!" అన్నాడు షీల్డు సారు. హాలంతా నవ్వింది.

"పోనీ బ్లీచింగు వేయనివ్వండి. అరగంట పని. లేకపోతే పిల్లలకి నీళ్ళు బాగా మరగకాచి ఇవ్వండి."

"బ్లీచింగు వాసనొస్తుంది. సహజమైన నీళ్ళని కమిటీకి కాగితం రాసిచ్చాం. కమిటీ ముక్కు మూసుకుంటే? కాచిన నీళ్ళయితే ఇంక మన గొప్పేముంది? కుళాయి తిప్పాలి, పిల్లలు తాగాలి, అంతే."

నీళ్ళత్త బల్ల దగ్గరికి వచ్చింది. "అయితే ముందు మీరు తాగండి సారూ! ఇక్కడే, అందరి ముందూ, ఒక గ్లాసు."

షీల్డు సారు కాసేపు నీళ్ళు నమిలాడు. నమిలాడే గాని తాగలేదు. "నాకు డాక్టరు వేరే నీళ్ళు చెప్పారు," అన్నాడు చివరికి. ఈ జవాబు విన్నాక కూడా ఆ ముప్ఫై మందిలో ఒక్కరికి అనుమానం రాలేదు చూశారూ, అందుకే నేను మహానుభావులన్నది.

ఇంటికొచ్చాక కూతురు విరుచుకుపడింది. "అమ్మా, నీకు ఆయనతో గొడవెందుకు? నా పని ఉంది అక్కడ. పాపని ఊరికే చూసుకుంటున్నారు. రెండూ పోతే ఏం తిందాం?"

"నీ పిల్ల తాగే నీళ్ళే."

"ఏం కాదమ్మా. అందరు పెద్దవాళ్ళు చెప్తుంటే అబద్ధమా? నువ్వు ప్రతిదీ అన్న దగ్గరికే తీసుకెళ్తావు." చూడని అన్న గురించి కూతురు ఆ మాట అనేసి నాలిక్కరుచుకుంది. నీళ్ళత్త మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, అది వద్దు వద్దంటున్నా వదలకుండా చాలాసేపు కూర్చుంది.

సోమవారం పొద్దున్న ఏడు గంటలకి నీళ్ళత్త స్టోరు గదిలోంచి బ్లీచింగు సంచి తీసింది. దొంగతనం పనిలా కాదు. నడి వాకిట్లో, ఎండలో, బకెట్టు పెట్టుకుని కూర్చుని, కొలిచి పొడి వేసి, కర్రతో కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగింది. పూలమొక్కలకి నీళ్ళు పోస్తున్న వాళ్ళు చూశారు. పాల ప్యాకెట్లు తెచ్చుకుంటున్న వాళ్ళు చూశారు. పై తేట బకెట్టులోకి వంపుకుని ట్యాంకు నిచ్చెన ఎక్కుతుండగా మూడో అంతస్తు బాల్కనీలోంచి కేక.

"ఆగు! ఏం చేస్తున్నావ్?"

"నా పని!"

షీల్డు సారు ఒక కాలికి చెప్పు లేకుండా కిందికి దిగాడు. వెనకే సైన్సు మాస్టారు. ఆయన బ్రష్షు నోట్లోనే ఉంది. "నాలుగు గంటల్లో కమిటీ! ఆ మందు వాసనకి మన పరువు గంగలో కలుస్తుంది! దిగు ముందు! దిగకపోతే ఈ పూటతో నీ పని సరి!"

నీళ్ళత్త నిచ్చెన మీదనుంచే ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ పూట వరకైతే ఉందిగా," అంది. మూత పక్కకి జరిపి బకెట్టు వంచేసింది. రెండో బకెట్టు కూడా. తరవాత పెద్ద కర్ర పెట్టి ట్యాంకు నలుమూలలా కలిపింది. షీల్డు సారు నిచ్చెన పట్టుకుని ఊపుదామా అనుకున్నాడు గాని చుట్టూ పదిమంది ఉన్నారు. కేకలు వేసి వేసి ఆయన గొంతే పోయింది. మాస్టారు ఏదో అనబోయి నురగ మింగారు.

కిందికి దిగి నీళ్ళత్త పిల్లల గదిలో కుళాయి దగ్గర కూర్చుంది. గొట్టంలో ఉన్న పాత నీళ్ళు బకెట్లకి పట్టి పారబోసి కుళాయి బిగించింది. ఎనిమిదిన్నరకి తల్లులు పిల్లల్ని దించడం మొదలెట్టారు. ఒక పిల్లాడు దాహమని ఏడిస్తే కూతురు గ్లాసు పట్టుకొచ్చింది. "ఇంకాసేపు," అంది నీళ్ళత్త. కూతురు పళ్ళు కొరుకుతూ డబ్బా నీళ్ళు పట్టిచ్చింది. నీళ్ళత్త చిన్న గాజుగొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి చుక్కలమందు వేసింది. రంగు రాలేదు. మురికి మందునంతా తినేసింది. తిట్టుకుంటూ మళ్ళీ లేచి, మళ్ళీ కలిపి, మళ్ళీ నిచ్చెనెక్కింది. ఈసారి షీల్డు సారు కుర్చీ వేసుకుని కూర్చుని చూశాడంతే. పదింబావుకి గాజుగొట్టంలో లేత పసుపు తేలింది. అప్పుడు లేచి, కుళాయి ముందునుంచి తప్పుకుంది.

కమిటీ వచ్చింది. నలుగురు. చేతుల్లో తలా ఒక కొన్న నీళ్ళ సీసా. పిల్లలు వరసగా నిలబడ్డారు, ఇద్దరు పడుకుని దొర్లుతున్నారు, ఒకడు గ్లాసు నెత్తిన పెట్టుకున్నాడు. కుళాయి తిప్పారు. కమిటీలో ఒకావిడ ముక్కు ఎగబీల్చి, "మందు వాసన వస్తోందే! సహజమైన నీళ్ళని రాశారుగా?" అంది. షీల్డు సారు పళ్ళికిలించాడు. పిల్లలు తాగారు. మనవరాలు రెండు గుక్కలు తాగి మిగతాది పక్కపిల్ల మీద పోసింది. షీల్డు అవతలి వీధిలో రంగు లైట్ల ఫౌంటెను ఉన్న భవనానికి ఇచ్చారు. ఆ ఫౌంటెను నీళ్ళు ఎవరూ తాగరు, కాబట్టి ఏ వాసనా రాలేదు.

సరిగ్గా వారానికి మళ్ళీ మీటింగు. ఈసారి ఫోన్లు ఎవరూ చూడలేదు. షీల్డు పోయిన బాధ కన్నా, పోగొట్టిన మనిషిని నిలబెట్టి చూసే సరదా ఎక్కువ కదా. బల్ల మీద పిల్లల గది హాజరు పుస్తకం పెట్టారు. షీల్డు సారు దాన్ని తెరిచి, వేలు పెట్టి, న్యాయమూర్తిలా చదివాడు.

"మంగళవారం పదకొండు. బుధవారం పదకొండు. గురువారం పదకొండు. శుక్రవారం, శనివారం, ఇవాళ, పదకొండు, పదకొండు, పదకొండు. ఏమైంది మరి? నల్ల సీసా, నల్ల సీసా అని గొంతు చించుకుందే ఈవిడ! నిజంగా ఆ నీళ్ళలో క్రిములుంటే ఒక్క పిల్లకైనా జబ్బు చెయ్యాలా వద్దా? చెయ్యలేదు. అంటే ఏమిటి? నీళ్ళు మొదటినుంచీ శుభ్రమే. బంగారంలాంటి నీళ్ళలో మందు కలిపి మన నోటి దగ్గర షీల్డు తన్నేసింది!"

"అంతేగా!" అన్నారు మాస్టారు. "ఫలితాన్ని బట్టే నిర్ణయం." హాలంతా అంతేగా అంది. ముప్ఫై బుర్రలు, ఒక్కదానికి కూడా తట్టలేదు. మందు వేశాక తాగిన పిల్లలు మందు వేశారు కాబట్టే బాగున్నారన్న ముక్క ఆ హాల్లోకి రాలేక గుమ్మం బయటే ఆగిపోయింది.

షీల్డు సారు నీళ్ళత్త కూతుర్ని పిలిచాడు. "నువ్వు చెప్పమ్మా. పిల్లల్ని చూసేది నువ్వు. ఈ వారంలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు, జ్వరం, ఏమైనా?"

కూతురు తల వంచుకుని లేచింది. తల్లి వైపు చూడలేదు. పని పోకుండా ఉండాలంటే నిజం చెప్పాలి. చిత్రంగా ఆ పూట నిజమే తల్లి మెడకి చుట్టుకుంది. "లేదు సార్. ఎవరికీ ఏమీ కాలేదు."

అందరూ నీళ్ళత్త వైపు తిరిగారు. ఆవిడ నోరు తెరుస్తుంది, దులిపేస్తుంది, ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుందని కాచుకుని కూర్చున్నారు. షీల్డు సారు కూడా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కానీ ఆవిడ వాళ్ళెవర్నీ చూడడంలేదు. కూతురి దగ్గరికి నడిచి వెళ్ళింది.

"ఒక్కళ్ళకి కూడానా?"

"లేదమ్మా. ఒక్కళ్ళకి కూడా కాలేదు."

"ఆ చిన్నవాడికి? మొన్న కొత్తగా చేరిన వాడికి, పద్నాలుగు నెలల వాడికి?"

"వాడికీ ఏం కాలేదు. బాగున్నాడు. పొద్దున్న గోడ పట్టుకుని నడిచాడు." అప్పుడు కూతురికి ఏమర్థమైందో ఏమో, తలెత్తి తల్లి వైపు చూసింది. "అందరూ బాగున్నారమ్మా."

"మళ్ళీ చెప్పవే," అంది నీళ్ళత్త.

కూతురు మళ్ళీ చెప్పింది. స్టోరు గది తాళంచెవి బల్ల మీద, హాజరు పుస్తకం పక్కన పెట్టి, నీళ్ళత్త బయటికి వెళ్ళిపోయింది.